కుప్ప పది

పదకొండేళ్ళుగా ప్రతి మంగళవారం పొద్దున్నే నేను చేసే పని ఒకటే. మార్కెట్టుకు వెళ్ళి కూరగాయల ధరలు అడుగుతాను, కాగితం మీద రాసుకుంటాను, సాయంత్రంలోపు ఆఫీసులో ఇచ్చేస్తాను. వినడానికి పనీపాటా లేనివాడి పనిలా ఉంటుంది. "పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను బామ్మర్దీ" అని మా బావ ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. కానీ నేను రాసిన అంకెలే పై ఆఫీసుకు వెళ్తాయి. అక్కడ ఏవో కూడికలూ భాగహారాలూ అయ్యాక, ఈ ఊళ్ళో కూరగాయల ధరలు ఏడాదిలో ఇంత శాతం పెరిగాయి అని ఒక్క అంకెగా బయటికొస్తాయి. ఆ అంకె పట్టుకునే జీతాలు కదులుతాయి, కాంట్రాక్టులు కదులుతాయి. అందుకని నాకు నా పనంటే గర్వంగా ఉండేది. ఇప్పుడా మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

మా పనికి నియమాలున్నాయి. ప్రతివారం అదే కొట్టు, అదే సరుకు, అదే కొలత. ఈ వారం కిలో లెక్కన అడిగి వచ్చేవారం డజను లెక్కన అడిగితే ధర పెరిగిందో తగ్గిందో ఎవరికి తెలుస్తుంది? ఇంకో నియమం కూడా ఉంది. ధర రాసేవాడు తను రాసే కొట్లో ఏమీ కొనకూడదు. కొంటే మొహమాటాలు మొదలవుతాయని, మొహమాటం వస్తే అంకె వంకర పోతుందని. నేను ఆ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించానంటే, ఈ పదకొండేళ్ళలో ఆ మార్కెట్లో ఒక్క పచ్చిమిరపకాయ కూడా ముట్టుకోలేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా జాబితాలో మూడు కొట్లుండేవి. రెండు మూతపడ్డాయి. మిగిలింది కుళాయి పక్క అరుగు మీద కూర్చునే పిన్ని. నాకు బంధువేం కాదు, మార్కెట్టంతా ఆవిణ్ణి పిన్ని అంటారు. ఆవిడ దగ్గర తరాజు ఉండదు. తడిపిన గోనెపట్టా మీద టమాటాలు, వంకాయలు, బీన్సు, మిరపకాయలు కుప్పలుగా పేరుస్తుంది. ఏ కుప్పైనా పది. ఆకుకూర కట్టా పదే. ఆవిడ అమ్మని నిమ్మకాయల ధర మాత్రం పక్క అరుగు మీది తాతను అడుగుతాను. నాకు ముందు ఈ పని చేసినాయన, కొలత అనే గడిలో 'కుప్ప' అని రాసిపెట్టి రిటైరయ్యాడు. అదే కొలత కాబట్టి నేనూ అదే కొనసాగించాను.

"పిన్నీ, టమాటా ఎంత?"

"పది నాయనా."

"వంకాయ?"

"పదే."

అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. ఊరంతా ధరలు మండిపోతున్నాయని గగ్గోలు పెడుతుంటే నా కాగితం మీద మాత్రం చల్లగా పది, పది, పది. ధరలు పెరిగాయని జనం అనుకోవడం వేరు, నిజంగా పెరగడం వేరు అని నేను నలుగురిలో ఉపన్యాసాలిచ్చిన రోజులున్నాయి. కాఫీ తాగుతూ మరీ ఇచ్చాను.

ఇక మా అక్క సంగతి. పెద్దాసుపత్రిలో రోగులకు భోజనం వండి పెట్టే కాంట్రాక్టు అక్కది. పూటకు నూట ఎనభై పళ్ళేలు. అక్క, బావ, కింద అయిదుగురు ఆడవాళ్ళు. పళ్ళేనికింత అని ఆసుపత్రి కమిటీ కడుతుంది. రోజూ తెల్లవారకముందే ఊరి అవతల హోల్‌సేల్ మార్కెట్టుకు వెళ్ళి పెట్టెల లెక్కన సరుకు తెచ్చుకుంటారు. అక్కకు నోరెక్కువ, కోపం ఎక్కువ, కానీ వార్డులో ఎవరైనా రెండోసారి పళ్ళెం చాపితే మాత్రం మారు మాట్లాడకుండా వడ్డిస్తుంది. కాంట్రాక్టులో అలా ఏం లేదు. "కడుపు నిండనోడికి మందు రాసి ఏం లాభం రా?" అంటుంది. వంటింట్లో ఏ గొడవ జరిగినా ఆ ఒక్క విషయంలో ఆవిడ మాటకు ఎదురులేదు.

నేను పెళ్ళీపెటాకులూ లేనివాణ్ణి. అక్కావాళ్ళింట్లోనే ఉంటాను, అక్క పెట్టిందే తింటాను. ఈ మూడేళ్ళ నుంచీ అన్నం పెడుతూ ఆవిడ ఒకటే పాట.

"మూడొందలున్న టమాటా పెట్టె ఇవాళ ఆరొందల ఇరవై అయిందిరా. పళ్ళెం రేటు మాత్రం అక్కడే చచ్చింది."

"అది హోల్‌సేలు అక్కా. వాన పడితే ఎగురుతుంది, ఎండ కాస్తే దిగుతుంది. మా లెక్క చిల్లర ధరది. అది నిలకడగా ఉంటుంది" అని నేను జ్ఞానబోధ చేసేవాణ్ణి.

"హోల్‌సేలు ఎగిరితే చిల్లర ఎలా కూర్చుంటుందిరా?"

"అదంతా నీకు అర్థం కాదులే."

అర్థం కానిది ఎవరికో ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఏడు కాంట్రాక్టు మళ్ళీ రాసుకోవాలి. రేటు పెరిగితేనే నడుస్తుందని అక్క ముందే తేల్చి చెప్పింది. "పెంచకపోతే రెండే దారులు. మూసెయ్యాలి, లేకపోతే వడ్డించే చెయ్యి బిగబట్టాలి. మూస్తే అయిదిళ్ళలో పొయ్యి వెలగదు. బిగబట్టడం నా వల్ల కాదు." అప్పటికే బావ మోటారుబండి అమ్మేసి ఆ డబ్బుతో రెండు నెలలు నెట్టుకొచ్చారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. సైకిలు మీద ఎందుకు తిరుగుతున్నావు బావా అంటే, "ఒళ్ళు తగ్గాలని డాక్టరు చెప్పాడు" అన్నాడు.

ఆ బుధవారం కమిటీ నుంచి కాగితం వచ్చింది. నేను ఆసుపత్రి వంటింట్లోనే ఉన్నాను. అక్క తడిచెయ్యి చీరకు తుడుచుకుని, కాగితం తెరిచి, పైకి చదివింది. స్థానిక కార్యాలయం లెక్కల ప్రకారం గత ఏడాది కూరగాయల ధరల పెరుగుదల సున్నా పాయింటు నాలుగు శాతం. కాబట్టి పళ్ళెం రేటు మార్చనవసరం లేదు. ఇష్టమైతే శుక్రవారం వచ్చి సంతకం చెయ్యాలి.

కూరగాయలు తరిగే ఆవిడ కత్తిపీట ఆపేసింది.

"ఎవడ్రా ఈ అంకె రాసింది?" అని అక్క అరిచింది. "వాడు కూరలు తినడా? గడ్డి తింటాడా?"

నాకు ఒళ్ళు మండింది. సగం అవమానం, సగం పొగరు. "ఆ అంకె నాదే అక్కా. ఎక్కడో కూర్చుని రాయలేదు. వారం వారం స్వయంగా వెళ్ళి అడిగి రాసింది. ఆ పాయింటు నాలుగు కూడా పక్క అరుగు మీద నిమ్మకాయల తాత పెంచడం వల్ల వచ్చింది. మిగతాది ఈ పదకొండేళ్ళలో ఒక్క పైసా పెరగలేదు."

అక్క నన్ను పై నుంచి కిందికి చూసింది. "ఏ కొట్లో పెరగలేదు?"

"కొట్టు పేరు చెప్పకూడదు. నియమం."

బావ ఉల్లిపాయలు తరుగుతూనే, "పదకొండేళ్ళు టమాటా ధర పెరగలేదంటే అది కొట్టు కాదు బామ్మర్దీ, మ్యూజియం. టికెట్టు కొనైనా చూడాలి" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు.

"నన్ను తీసుకెళ్ళు" అంది. "అక్కడే కొంటాను. రోజూ అక్కడే కొంటాను. అప్పుడు ఈ రేటుకే వండి పెడతాను, నీ కాళ్ళకు దండం కూడా పెడతాను."

మర్నాడు పొద్దున నియమం పక్కన పెట్టి తీసుకెళ్ళాను. అక్క రెండు పెద్ద గోనెసంచులు మడిచి చంకలో పెట్టుకుంది. దారి పొడుగునా నేనే మాట్లాడాను. చిల్లరంటే ఏమిటో, సగటంటే ఏమిటో. అక్క సంచుల మడతలు సరిచేసుకుంటూ నడిచింది.

పిన్ని అప్పుడే కుప్పలు పేర్చి నీళ్ళు చిలకరిస్తోంది. నన్ను చూసి, "ఇవాళ మంగళవారం కాదే?" అంది.

అక్క వంగి ఒక టమాటా కుప్పను రెండు చేతులతో ఎత్తింది. పైకి చూస్తే నిండుగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మూడు కాయలు. ఒక్కోటి నిమ్మకాయంత. వాటి కింద మడతపెట్టిన క్యాబేజీ ఆకులు. ఆ ఆకుల ఎత్తే కుప్ప ఎత్తు.

"ఇదేంటమ్మా?" అంది అక్క.

"కుప్ప."

"కుప్పంటే మూడా?"

"ఇవాళ మూడు. పోయిన నెల నాలుగు పెట్టాను. ఆకులెందుకంటావా, గోనె మీద పెడితే కాయ చితుకుతుంది. చూపుకూ కాస్త నిండుగా ఉంటుంది, అబద్ధమెందుకు?" పిన్ని ఏ దాపరికమూ లేకుండా చెప్పుకుపోయింది. "నా దగ్గరికొచ్చేవాళ్ళు కూలి నుంచి పోతూ పోతూ పది నోటు ఒక్కటి పిడికిట్లో పట్టుకొస్తారు. పదకొండంటే మొహం తిప్పుకుని పోతారు. కుప్ప చిన్నదైతే తిట్టుకుంటూనైనా తీసుకుపోతారు. అందుకని ధర ముట్టుకోను. కాయ తీసేస్తాను."

నేను కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాను. "పిన్నీ, నేను మొదటిసారి వచ్చినప్పుడు కుప్పకు ఎన్ని ఉండేవి?"

"పన్నెండు. పైన కొసరు ఒకటి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

పిన్ని నన్ను వింతగా చూసింది. "నువ్వెప్పుడడిగావు నాయనా? ఎంత అంటావు, పది అంటాను. రాసుకుని పోతావు. ఎన్ని అని ఒక్కనాడైనా అడిగావా? కొనేవాడైతే లెక్కపెట్టుకునేవాడు. నువ్వు కొనవు కదా."

ఆవిడ వెక్కిరించలేదు. మామూలుగానే అంది. నాకు మాత్రం నడిబజార్లో తల కొట్టేసినట్టయింది. వంకాయల కుప్ప చూశాను. రెండు. ఆకుకూర కట్ట బొటనవేలంత. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ప్రతి మంగళవారం ఆ గోనెపట్టా ముందు నిలబడ్డాను, పెన్ను పట్టుకుని.

అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "పన్నెండు ఇచ్చే డబ్బుకు మూడు. నాలుగింతలు" అంది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. పిన్ని చేతిలో పది పెట్టి, ఆ మూడు టమాటాలను ఆ పెద్ద గోనెసంచిలో వేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటుతూ ఒకే మాట అడిగింది.

"సంతకం రేపు. ఈలోపల సరిచెయ్యగలవా?"

"చేస్తాను అక్కా" అన్నాను. నిజంగానే చెయ్యగలననుకున్నాను.

మా ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఏ అంకైనా పాయింటు తర్వాత రెండు స్థానాల వరకూ కావాలంటాడని మేం చాటుగా దశాంశం సార్ అంటాం. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. విన్నాక మొహం పాలిపోయింది. ఆ మొహం చూసి నాకు ఆశ పుట్టింది.

"కొలత మార్చేద్దామండీ" అన్నాడు. "కుప్ప తీసేసి కిలో పెడదాం."

"మరి ఇన్నేళ్ళూ పెరిగినదో సార్?"

"కిలో అంటే కొత్త సరుకు కింద లెక్కండీ. కొత్త సరుకుకు పాత ధర ఉండదు. పాత ధర లేనప్పుడు దేనితో పోలుస్తాం? మొదటి నెల పెరుగుదల సున్నా అని పడుతుంది. ఆ తర్వాత నుంచీ అసలు లెక్క."

"అంటే ఇప్పటిదాకా పెరిగింది?"

"ఎక్కడా పడదండీ."

సరిచెయ్యబోతే తప్పు ఇంకా గట్టిపడుతోంది. కుప్ప ఉన్నంతకాలం కనీసం ఎవడైనా వెళ్ళి కాయలు లెక్కపెట్టే వీలుంది. కిలో అయిపోతే ఆ పన్నెండు కాయలు ఎప్పుడూ లేనట్టే.

"పోనీ ఆసుపత్రికి ఒక ఉత్తరం రాయండి సార్. మా అంకె తప్పని."

"తప్పు కాదు కదండీ" అన్నాడాయన, ఎంతో బాధగా. "కుప్ప పదే. ఇవాళ వెళ్ళి అడిగినా పదే అంటుంది. పన్నెండు ఉండేవని మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా? మీరే రాయలేదాయె."

గొంతు పెంచాను. బల్ల గుద్దాను. ఇరవై మంది తలెత్తి చూశారు. ఆయన ఏమీ అనుకోకుండా, పై ఆఫీసుకు రాస్తానని, జవాబుకు నెలలు పట్టొచ్చని చెప్పాడు. నేను నా సీటుకు వచ్చి, ఎవరూ చూడకుండా కంప్యూటర్లో ఈ వారం టమాటా గడిలో పది చెరిపి నలభై కొట్టాను. ఎర్రగీత పడింది. ఒక్క వారంలో ఇంత పెరగడం అసంభవం, అంకె సరిచూసుకోండి అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. పదకొండేళ్ళ పెరుగుదలను ఒక్కరోజులో నమ్మే యంత్రం ఎక్కడుంటుంది? మనుషులే నమ్మరు. సాయంత్రం ఆరింటికి పది అని కొట్టి లేచాను. అప్పుడు పచ్చగా వెలిగింది.

ఇంటికి వెళ్ళి చెప్పాను. అక్క స్టవ్వు దగ్గర నిలబడి విన్నది. బావ లేచి నాకు పీట వేశాడు.

"నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిడితే పెట్టెలో కాయలు పెరుగుతాయా?" అంది అక్క. నాకు అన్నం పెట్టింది. ఎప్పటిలాగే నిండుగా పెట్టింది. అంతమంది పొట్ట కొట్టినవాణ్ణి, నాకు మాత్రం పళ్ళెం నిండా అన్నం.

శుక్రవారం అక్క పాత రేటుకే సంతకం పెట్టింది. వదిలేస్తే అయిదుగురు రోడ్డున పడతారు, ఈ వయసులో తనకూ బావకూ ఇంకో పని ఎవరిస్తారు? అయినా ఒకావిణ్ణి మానిపించక తప్పలేదు. కూరగాయలు తరిగే ఆవిణ్ణి. తరగడానికి ఇక అన్ని కూరగాయలు ఉండవు కదా. ఆవిడ గొడవ పెట్టలేదు. కత్తిపీట కడిగి, గోడకు ఆనించి, తన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం నేను సెలవు పెట్టి, వార్డులో తిండిబండి తోయడానికి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చోలేక వెళ్ళాను. మగవాళ్ళ వార్డు, రెండు వరుసల మంచాలు, మందుల వాసన. అక్క గరిటె ముంచి పళ్ళెంలో వేస్తోంది. అన్నం ఎప్పటంతే. కూర దగ్గరికి వచ్చేసరికి గరిటె సగమే మునుగుతోంది. ఒక్కో మంచం దగ్గరా ఆ చెయ్యి ఇంకొంచెం ముంచబోయి ఆగిపోవడం నాకు కనపడుతోంది. ముప్పై ఏళ్ళుగా వండుతున్న చెయ్యి, దానికి ఇది రాదు.

కిటికీ పక్క మంచం మీద బరువులు మోసే హమాలీ ఒకాయన ఉన్నాడు. కాలు విరిగి రెండు నెలలుగా అక్కడే పడున్నాడు. అక్కకు బాగా తెలిసినవాడే. పళ్ళెంలోకి చూసి, "అమ్మా, కూర తగ్గిందే ఇవాళ?" అన్నాడు. నిష్ఠూరం ఏం లేదు, పలకరింపుగానే అన్నాడు. అని పళ్ళెం మళ్ళీ చాపాడు.

అక్క గరిటె ఎత్తలేదు.

"తగ్గలేదండీ" అంది. "ఎప్పుడూ ఇంతే."

నేను మా అక్క నోట అబద్ధం వినడం అదే మొదలు. మొహం మీద ఏమీ లేదు. మామూలుగా, ఎన్నాళ్ళ నుంచో అలవాటున్న మాటలా అనేసింది.

ఆయన కంగారుపడ్డాడు. "ఇంతేనా? నాకు ఎక్కువ ఉన్నట్టు గుర్తు. మారు కూడా వేసేవారు కదా?" ఆయన నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, నువ్వు చెప్పు. ఇంతేనా ఇచ్చేది?"

అక్క బండి అంచు పట్టుకుని నిలబడింది. నన్ను చూడలేదు. నిజం చెప్పమని అనలేదు, అబద్ధం చెప్పమనీ అనలేదు. నేను చెప్పే మాట కోసం ఆ హమాలీతో పాటు తనూ ఎదురుచూస్తోంది.

"ఇంతేనండీ" అన్నాను.

ఆయన నమ్మాడు. "అయితే నాకే ఆకలి ఎక్కువైనట్టుంది. మందుల వేడి" అని తనలో తను అనుకుని, చాపిన పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు. తప్పు చేసినవాడిలా తలొంచుకుని, ఆ కూరను అన్నం మొత్తానికి సరిపోయేలా కొంచెం కొంచెం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

అక్క బండిని పక్క మంచం దగ్గరికి తోసింది. ఆ వరుసలో ఇంకా పదిహేడు మంచాలున్నాయి.